బిడ్డల మనోవర్తి – వసూలు భారమెవరిది?

జగ్గయ్యపేట ప్రక్కనున్న ధనంబోడు మీది బౌద్ధస్తూపమున దొరకిన శిల్పములలో ఒకటి నేడు చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియములో నున్నది. సున్నపురాతి పలక. దానిపై ఒక చక్రవర్తి చేయెత్తి నిలిచియుండగా మేఘములనుండి నాణెములు వానవలె రాలుచుండును. ఆ చక్రవర్తి మాంధాత యని పలువురు పండితుల అభిప్రాయము. సిరులవాన కురిపించిన ఈ మహారాజు పుట్టుకకథ మాత్రము ఆకలితో మొదలైనది. భారతమున అరణ్యపర్వములో అది కలదు. యువనాశ్వుడను రాజు సంతానార్థియై యాగము చేయించి, రాణికై మంత్రించి యుంచిన కలశజలమును రాత్రివేళ దాహము తాళలేక తెలియక త్రాగెను. బిడ్డ ఆ రాజు ప్రక్కను చీల్చుకొని పుట్టెను. కన్నది తండ్రి, ఇక పాలెవరిచ్చెదరు? చుట్టును చేరిన వేల్పులు వేసికొన్న ప్రశ్న అదియే. అప్పుడు ఇంద్రుడు ముందుకు వచ్చి, వీడు నన్ను త్రావునని పలికి, తన చూపుడువ్రేలిని బిడ్డ నోట నుంచెను. ఆ పలుకునుండియే బిడ్డకు మాంధాత యను పేరు వచ్చినది.

ఈ కథలో గమనింపదగిన దొకటి యున్నది. చేరినవారిలో ఏ ఒక్కడును యువనాశ్వుని తప్పొప్పుల విచారణకు దిగలేదు. మొదట బిడ్డ నోటికి ఏదో యొకటి అందినది. తక్కిన మాటలన్నియు ఆ తరువాతనే.

జగ్గయ్యపేట, నందిగామ కోర్టులలో ఈ వరుస తలక్రిందులుగా నడచుచున్నది. ఇది ఆ రెండూళ్ల ప్రత్యేకదోషము కాదు, దేశమంతట నున్నదే. అయినను మెట్టప్రాంతములో దాని రూపము కొంత స్పష్టముగా కనబడును.

ఒక తల్లిని తలచుకొనుడు. పేరక్కరలేదు. పుట్టినిల్లు నందిగామ దగ్గరి పల్లె. అత్తవారిల్లు గరికపాడు చెక్‌పోస్టుకు ఆవల కోదాడ వైపు. ఇద్దరు పిల్లలు. కాపురము చెడినది. చెడుటకు వేయి కారణములుండవచ్చును. వాని విచారణ ఇచ్చట ప్రస్తుతము కాదు. మొదట పెద్దమనుషులు కూర్చుండిరి. "ఏమ్మా, కాస్త సర్దుకుపోకూడదూ? ఆడపిల్లవి" అని యొకరు, "ఏదో కొంత ఇప్పించేసి తెగ్గొట్టండయ్యా" అని మరియొకరు. పెట్టిపోతల లెక్క తేలినది. బంగారము, సామాను ఎవరివి వారికి పంచిరి. పిల్లల మాట వచ్చినప్పుడు, వాళ్లు తల్లి దగ్గరే ఉంటారు గదా అని యొక్క వాక్యముతో అది ముగిసినది. ఆ పిల్లల అన్నము, బడిఫీజు, జ్వరము వచ్చిననాటి మందుసీసా – వీనిని గూర్చి ఆనాటి కాగితములో ఒక్క పంక్తియు లేదు.

ఈ పంచాయతీలలో అడుగున నున్న భ్రాంతి యొకటే. మనోవర్తి యనునది విడిచిన భార్యకు మగవాడు చెల్లించు పరిహారమని లోకులు అనుకొందురు. కావుననే ఆమె గుణగణములను తూచి, తప్పు ఆమెది అని తోచినచో, "దానికెందుకు ఇవ్వాలి?" అందురు. దానికి ఇచ్చునదేమి, వీనికి గదా ఇయ్యవలసినది! వ్యాసభారతములో శకుంతల దుష్యంతుని సభలో నిలిచినప్పుడు ఈ భేదమును ఎంత తేటగా చెప్పినదో తెలుగు చదువరులలో కొందరికే తెలియును. తనను విడిచినచో తాను ఆశ్రమమునకు తిరిగిపోవుదునని, కాని తన వలన పుట్టిన బిడ్డను ఆతడు విడువదగదని ఆమె వాదము. భార్య సంగతి వేరు, బిడ్డ సంగతి వేరు. తుదకు ఆకాశవాణి బిడ్డను భరింపుమని రాజును శాసించినది. ఆ భరించుటనుండియే భరతుడను పేరు వచ్చినదని మూలమందే యున్నది. కోర్టులలో నేడు వాడు భరణము, భృతి యను మాటలకును ధాతువు అదియే. ఈ దేశమునకు ఎవని పేర భారతమని పేరు వచ్చినదో ఆ బాలుడే తండ్రి కాదన్న బిడ్డ యగుట తెలుగు పాఠములలో ఏటేట చదివింపబడుచున్నను, దాని అర్థము పెద్దమనుషుల అరుగు వరకు వచ్చినట్లు కనబడదు.

చట్టము మాత్రము ఈ సత్యమును చాలకాలము క్రిందటనే గ్రహించినది. భార్యాబిడ్డలను ఉపేక్షించినవానిచే నెలనెల కొంత ఇప్పించు అధికారము మేజిస్ట్రేటునకు 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 488వ సెక్షను క్రింద నుండెను. 1973 కోడులో అది 125వ సెక్షను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వది. నంబరు మారినది, విషయము దాదాపు మారలేదు. పెండ్లికి లోపల పుట్టిన బిడ్డకును వెలుపల పుట్టిన బిడ్డకును హక్కు సమానము. మతభేదము లేదు, విడాకులు పొందిన ముస్లిము స్త్రీకి సైతము ఈ సెక్షను వర్తించునని 2024 జూలై 10న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది – ఆ వ్యాజ్యము తెలంగాణమునుండి వెళ్లినదే. హిందువులకు 1956 నాటి దత్తత, మనోవర్తుల చట్టము అదనము. దాని 20వ సెక్షను బిడ్డల పోషణభారమును తండ్రిపైనను తల్లిపైనను ఉంచినది. పెండ్లికాని కూతురు తన్ను తాను పోషించుకొనలేనంతవరకు, మేజరైన తరువాత సైతము, ఆ చట్టము క్రింద అడుగవచ్చును.

మొత్తముల చరిత్ర మాత్రము చదువుటకు సిగ్గు కలిగించును. 1898లో నెలకు ఏబది రూపాయలు మించరాదనిరి. 1923లో నూరు చేసిరి. 1955లో అయిదువందలు. ఆనాటికి అది పెద్ద మొత్తమే. కాని ఆ అంకె 2001 వరకు, అనగా 46 సంవత్సరములు, కేంద్రచట్టములో కదలక కూర్చుండెను. బియ్యము ధర ఎన్ని రెట్లు పెరిగినను బిడ్డ ఆకలి ధర మాత్రము పెరుగలేదు. ఆ అయిదువందలును తల్లీబిడ్డలకు కలిపి కాదు, ఒక్కొక్కరికి వేరువేరని 1978లో జస్టిస్ కృష్ణయ్యరు తీర్పులో చెప్పవలసి వచ్చెను. 2001 సవరణ పరిమితిని తీసివేసినది. మధ్యంతర మనోవర్తి అర్జీని సాధ్యమైనంతవరకు అరువది దినములలో తేల్చవలెనని అదే సవరణ చెప్పినది. అరువది దినములు ఎప్పటినుండి? ఎదుటివానికి నోటీసు అందిన నాటినుండి. చిక్కు అచ్చటనే యున్నది.

నోటీసు అందనిచో దినములు లెక్కకు రావు. అతడు హైదరాబాదులో నున్నాడందురు, హైదరాబాదు పోయినచో ఖమ్మములో నున్నాడందురు. 2014లో రాష్ట్రము రెండైన తరువాత జగ్గయ్యపేటకు కోదాడ పరరాష్ట్రమైనది. వియ్యములు తెగలేదు, మధిర, హుజూర్‌నగర్ పిల్లలు ఇటు, ఇటు పిల్లలు అటు వచ్చుచు పోవుచునే యున్నారు. తల్లి తానున్న చోటనే అర్జీ పెట్టుకొనవచ్చునని చట్టము దయతో చెప్పినది. కాని ఆమె చోటనుండి బయలుదేరిన సమనును, వారంటును సరిహద్దుకు ఆవలి ఠాణాలో అందుకొనువానికి తన పనులు తనకుండును. వారంటు దేశమంతట చెల్లును. చెల్లుట వేరు, చేరుట వేరు. క్రొత్త సంహిత ఎలక్ట్రానిక్ మార్గమున సమను పంపుటకు వీలు కల్పించినది. దానివలన ఈ దాగుడుమూతలు కొంత తగ్గవలెను.

ఆలస్యము ఎంతవరకు పోగలదో ఒక్క ఉదాహరణ చాలును. 2014లో సుప్రీంకోర్టు విచారించిన ఒక వ్యాజ్యములో అర్జీ పడినది 2002లో, కుటుంబన్యాయస్థానము ఉత్తరువిచ్చినది 2011లో. తొమ్మిది సంవత్సరములు! తొమ్మిదేండ్లలో ఊయలలోని బిడ్డ నాలుగవ తరగతికి వచ్చును. న్యాయమూర్తులు దానిని తీవ్రముగా ఆక్షేపించి, మనోవర్తిని అర్జీ పెట్టిన నాటినుండియే ఇప్పించిరి. 2020 నవంబరు 4న మరియొక తీర్పులో ఆ నియమమును దేశమున కంతటికి వర్తింపజేసి, భార్యాభర్తలిద్దరును తమ ఆస్తులను, అప్పులను, ఆదాయవ్యయములను ప్రమాణపత్రముగా కోర్టునందుంచవలెనని నిర్ణయించిరి. వ్రాతలో ఇంతకు మించి కోరదగినది తక్కువ.

కాని ఉత్తరువు చేతికి వచ్చిన తరువాతి కథ వేరు. నెల గడచును, డబ్బు రాదు. రానిచో ఎవరైన అడుగుదురా? అడుగరు. కోర్టు తనంత తాను అడుగదు, పోలీసు అడుగడు, తహశీల్దారునకు తెలియనే తెలియదు. తల్లియే మరల వకీలు నొద్దకు పోయి మరియొక అర్జీ వ్రాయించుకొనవలెను. మిరపకోతలకో ప్రత్తితీతకో పోయి కూలి తెచ్చుకొనునామెకు వాయిదా యనగా ఒకనాటి కూలి పోవుట. బస్సు ఖర్చు, చంకబిడ్డకు బన్నుముక్క వేరు. స్త్రీలకును పిల్లలకును ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము పొందు హక్కు 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టములో నున్నది. అది వకీలు ఖర్చును తప్పించును గాని పోయిన కూలిని తెచ్చియీయదు. ఆ బాధ తాళలేక కొన్ని నెలల బాకీ పోగు కానిచ్చి ఒక్కసారి అడుగుదమని ఊరకుండును. ఊరకుండి ఏడాది దాటెనా, ఆ నెలల బాకీకి ఈ సెక్షను క్రింద వారంటు అడుగుట కుదరదు. ఓర్పు పట్టిన తల్లికి చట్టము విధించు జరిమానా ఇది.

వారంటు పుట్టినను, అతడు చిక్కినను, చెల్లింపనిచో జైలు. చెల్లింపని నెలకు నెల వరకు ఖైదు వేయవచ్చును. ఖైదు అనుభవించినంత మాత్రమున బాకీ తీరదని, జైలు చెల్లింపునకు మారు కాదని 1988లోనే సుప్రీంకోర్టు స్పష్టపరచినది. న్యాయము సరియైనదే. అయినను అతడు జైలులో నున్న నెల అతనికి కూలి రాదు, బిడ్డకు అన్నము రాదు. బయటికి వచ్చిన తరువాత కసి మాత్రము పెరిగియుండును. జైలుభయము మొండివానిని కదల్చుటకు పనికివచ్చును, కాదనరాదు. ఎందరో వారంటు మాట విన్నంతనే అప్పుచేసియైన కొంత కట్టుట ప్రసిద్ధమే. కాని ప్రతి నెల అన్నమును భయముమీద నిలుపలేరు.

తండ్రుల పక్షమున చెప్పదగినది లేకపోలేదు. "డబ్బు మాత్రం కావాలి, పిల్లాణ్ణి కళ్లజూడనివ్వరు" అను మాటలో నిజమైన దుఃఖము గలవారున్నారు. బిడ్డను చూచుట తండ్రి హక్కు మాత్రమే కాదు, బిడ్డ హక్కు. దానిని అడ్డగించు తల్లులును వారి పుట్టింటివారును తప్పు చేయుచున్నారు. దానికి వేరు అర్జీ గలదు, కోర్టు వేళలు నిర్ణయించును. కాని చూపనందున పెట్టను అనుటకు, పెట్టనందున చూపను అనుటకు బిడ్డ తాకట్టు సరుకు కాదు. అట్లే, రోజుకూలివానిమీద కలెక్టరు జీతమునకు తగిన మొత్తము అడిగించు వకీళ్లును లేకపోలేదు. ఇద్దరి ఆదాయములను ప్రమాణపత్రములలో చూపవలెనను నియమము ఆ అతిని అరికట్టుటకు కూడ ఉద్దేశింపబడినదే. తల్లి సంపాదించుచున్నచో ఆమెయు భాగము వహింపవలెను.

ఇక ఆదాయము మరుగుపరచు విద్య. ఈ మెట్టలో దాని మొదటి పాఠము, "పొలం నాయన పేరున ఉందండీ" అనుట. పంపకములు కానంతవరకు నలుబదేండ్లవాడును కోర్టులో నిరుపేదయే. బోనెక్కినప్పుడు ఆరెకరముల మిరపతోట నాయనది. ఎకరము కౌలునకిచ్చి రొక్కము పుచ్చుకొనునప్పుడు తనది. రెండవ పాఠము, సిమెంటు ఫ్యాక్టరీ గేటు లోపల పనిచేయుచు పేరు మాత్రము కాంట్రాక్టరు పుస్తకములో నుంచుట. ఉద్యోగి యొక ఏడాది ఒక కాంట్రాక్టరు క్రింద, మరుసటి ఏడాది మరియొకని క్రింద. గృహహింస చట్టము, 2005లోని 20వ సెక్షను ప్రకారము యజమానినే నేరుగా జీతమునుండి కొంత తీసి ఇమ్మని మేజిస్ట్రేటు ఆజ్ఞాపింపవచ్చును. సివిలు డిక్రీ యైనచో మనోవర్తి బాకీకి జీతములో మూడింట రెండు వంతుల వరకు జప్తు కావచ్చును. ఇతర అప్పులవానికి ఇంత హక్కు లేదు. ఆయుధములు పదునైనవే. కాని ఏ కాంట్రాక్టరు, ఏ నెల, ఎంత జీతము అను వార్త తెచ్చి కోర్టునకు ఇయ్యవలసినదెవరు? మరల ఆ తల్లియే. గేటు వద్ద కావలివాడు లోపలికి పోనీయని ఆ తల్లియే.

రాజ్యమునకు తెలియని సంగతులా ఇవి? ఆధారు నంబరు, బ్యాంకు ఖాతా, భవిష్యనిధి చందా, ఎరువుల సబ్సిడీ – ఒక మనుష్యుని బ్రదుకంతయు నేడు ప్రభుత్వపు లెక్కలలో నున్నది. పన్ను బాకీ పడినచో అతడెచ్చటనున్నను కనుగొందురు. బిడ్డ బాకీ పడినచో, అతడెచ్చటనున్నాడో నీవే చెప్పుమని తల్లి నడుగుదురు.

పైదేశములలో ఈ చిక్కును విప్పినవారున్నారు. స్వీడను 1937లోనే చట్టము చేసినది: తండ్రి కట్టనిచో ప్రభుత్వము బిడ్డకు ముందుగా ఇచ్చి, తాను తండ్రి నుండి రాబట్టుకొనును. జర్మనీలో అటువంటి చట్టము 1980 జనవరి నుండి నడచుచున్నది. అమెరికాలో 1975 నుండి ప్రతి రాష్ట్రమునందును బిడ్డల భరణము వసూలు చేయుటకే ఒక శాఖ యుండవలెనని ఏర్పరచిరి. అచ్చట భరణమును జీతము చేతికి రాకమునుపే యజమాని విరిచి పంపుట సామాన్యపద్ధతి. అక్కడి కుటుంబములను చూచి ముచ్చటపడవలసినదేమియు లేదు. కాని అచ్చట వసూలు భారము తల్లి నెత్తి నుండి దింపిరి, అది నేర్వదగినది.

ఆంధ్రప్రదేశములో దీనికి క్రొత్త యంత్రాంగము కావలెనా? ఆలోచించి చూచినచో సగము యంత్రము సిద్ధముగనే యున్నది. మనోవర్తి బాకీని జరిమానా వసూలు చేయు పద్ధతిని వసూలు చేయవలెనని సెక్షనులోనే యున్నది. జరిమానా వసూలు పద్ధతులలో ఒకటి, జిల్లా కలెక్టరునకు వారంటు పంపి, భూమిశిస్తు బాకీ వలె స్థిరచరాస్తులనుండి రాబట్టుట. శిస్తు బాకీ రాబట్టుటకు ఈ రాష్ట్రములో 1864 నాటి చట్టమే నేటికిని ఆధారము. నూటఅరువది యేండ్లుగా కరణములు, మునసబులు, తరువాత వి.ఆర్.ఓ.లు నేర్చిన విద్య అది. ఏ పొలము ఎవరి పేరనున్నను దున్నునదెవరో, కౌలు తినునదెవరో ఊరి రెవెన్యూ ఉద్యోగికి తెలియనిది కాదు. ఈ దారి యున్నదని పల్లెలోని తల్లికి చెప్పువారెందరు?

రెండవ సగమును చూడుడు. 2019 అక్టోబరు 2 నుండి గ్రామసచివాలయములు ఏర్పడినవి. ఒకటవ తేదీ తెల్లవారగనే సచివాలయ ఉద్యోగి ఇల్లిల్లు తిరిగి వృద్ధులకు, వితంతువులకు పింఛను చేతిలో పెట్టుచున్నాడు. 2024 జూలై నుండి అది నెలకు 4,000 రూపాయలు. పెనుగంచిప్రోలులోనైన వత్సవాయిలోనైన తలుపు తట్టి ఇచ్చుటలో లోపము తక్కువ. శిస్తు తండేలు ఒక చేయి, పింఛను పంచునది మరియొక చేయి. రెండును ఒకే ప్రభుత్వమువి. కోర్టు ఉత్తరువు నొక ప్రతిని సచివాలయమునకు పంపి, ఒకటవ తేదీన బిడ్డ పేర ఉత్తరువులోని మొత్తమును, లేదా దానిలో ఒక నిర్ణీతభాగమునైన, ప్రభుత్వము తానే ఇచ్చి, తండ్రి బాకీని కలెక్టరు తన బాకీగా రాబట్టినచో ఈ రెండు చేతులును కలియును. ఖజానాకు నష్టమందురేమో. కొంత నష్టము నిజమే. ఏమియు లేని తండ్రి నుండి ప్రభుత్వమునకును ఏమియు రాదు. ఆ నష్టమును నేడు భరించుచున్నది నందిగామ దగ్గరి పల్లెలోని అమ్మమ్మ – తన వితంతు పింఛనులోనుండి.

ఈ మార్పునకు శాసనసభ పూనుకొనువరకు చేయదగిన చిన్న పని యొకటి కలదు. ఉత్తరువు ఇచ్చునప్పుడే బిడ్డ పేర బ్యాంకు ఖాతా తెరపించి, తండ్రి అందులోనే వేయవలెనని నియమించి, మూడునెలలు వరుసగా సొమ్ము పడనిచో ఆ వార్త ఖాతా నుండియే కోర్టు గుమాస్తాకు చేరు ఏర్పాటు చేసినచో, తల్లి అర్జీ కొరకు ఎదురుచూడక వారంటునకు నాంది కాగలదు. అర్జీ కావలెనని సెక్షను పట్టుపట్టినచో, ఆ అర్జీని మండల న్యాయసేవా కమిటీ న్యాయవాది వ్రాయించి తల్లి వ్రేలిముద్ర వేయించుకొనవచ్చును; అప్పుడు ఏడాది గడువు దాటిపోదు. జగ్గయ్యపేట కోర్టునుండి సచివాలయము దూరమెంత? తల్లి నడచు దూరములో పదవ వంతు ఉండదు.